ఆటబండికి గుడ్ల పరీక్ష

ఆ రోజు ఉదయం పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక ట్రే కోడిగుడ్లు కొనాలి. పది గంటల సమావేశంలో వాటిని బల్ల మీద పెట్టాలి. మధ్యాహ్నానికల్లా అవి పగిలిపోవాలి. వాటితోపాటు తోడల్లుడి ఆశలు కూడా పగిలితే, సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోవాలి.

పొలాల్లో, తోటల్లో, గిడ్డంగుల్లో సామాను మోసే చిన్న బండ్లు తయారుచేసే కంపెనీ వాళ్ళది. నాలుగు చక్రాలు, ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీటు, వెనక ఒక తొట్టి. దాన్ని అందరూ పనిబండి అంటారు. అది నెమ్మదిగా పోతుంది, కానీ పోతుంది. బోల్తా పడదు, మొరాయించదు, ఎవరినీ మురిపించదు. ఆ పనిబండ్ల విభాగానికి పెద్దల్లుడు అధిపతి. కొత్త మార్కెట్లు వెతికే పని చిన్నల్లుడిది. ఇద్దరూ అదే కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి అల్లుళ్ళు. అక్కను చేసుకున్నవాడు పెద్దల్లుడు, చెల్లెల్ని చేసుకున్నవాడు చిన్నల్లుడు. గేటు దగ్గర కాపలావాడి నుంచి యజమానురాలి వరకు అందరూ వాళ్ళను అలాగే పిలిచేవారు.

చిన్నల్లుడు ఆ కుటుంబంలో అడుగుపెట్టిన రోజు నుంచీ పెద్దల్లుడికి కడుపులో ఒక చిన్న మంట మొదలైంది. అంతవరకు మామగారింట్లో అతనొక్కడే అల్లుడు. అతను జోకు వేస్తే అందరూ నవ్వేవారు. ఇప్పుడు చిన్నల్లుడు జోకు వేయకముందే నవ్వుతున్నారు. తన జుట్టు రాలుతున్నకొద్దీ వాడి జుట్టు ఒత్తుగా పెరుగుతున్నట్టు కూడా అతనికి అనిపించేది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేక అద్దంతో చెప్పుకునేవాడు.

ఇప్పుడా మంట మీద నూనె పోసినట్టు ఆటబండి వచ్చిపడింది. చూడడానికి అదీ ఇద్దరు పక్కపక్కన కూర్చునే, వెనక చిన్న తొట్టి ఉన్న బండే. కానీ మోయడానికి కాదు, ఎగరడానికి. ఇసుక దిబ్బల మీద, బురదలో, రాళ్ళ వాలుల్లో జనం దాన్ని సరదాకోసం పరుగెత్తిస్తారు. అలాంటి బండ్లకు గిరాకీ ఏటేటా పెరుగుతోందనీ, మన కంపెనీ కూడా అందులో దిగాలనీ చిన్నల్లుడు పట్టుబట్టి, వర్క్‌షాపువాళ్ళతో ఒక నమూనా కూడా కట్టించాడు. యజమానురాలు సరేనంటే కొత్త విభాగం వస్తుంది. దానికి అధిపతి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్చీ పెద్దల్లుడి కుర్చీకన్నా ఒక మెట్టు పైన ఉంటుంది. ఇకమీదట కంపెనీలో చిన్నల్లుడు పెద్దవాడూ, పెద్దల్లుడు చిన్నవాడూ అవుతారు.

గడ్డం గీసుకుంటుంటే అతనికి గుడ్ల పరీక్ష గుర్తొచ్చింది. కంపెనీ పెట్టిన పెద్దాయన తన మొట్టమొదటి బండిని ఒక కోళ్ళఫారం యజమానికి అమ్మాడట. గుడ్లు పగలకుండా తీసుకెళ్తేనే డబ్బులిస్తానన్నాడట ఆ యజమాని. అప్పటినుంచీ కంపెనీలో ఏ కొత్త బండి తయారైనా, వెనక తొట్టిలో ఒక ట్రే గుడ్లు పెట్టి, ఫ్యాక్టరీ వెనకున్న గతుకుల బాట మీద నడుపుతారు. ఒక్క గుడ్డు పగిలినా ఆ బండి బయటికి పోదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అయినా ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఆటబండికి మాత్రం ఆ పరీక్ష పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఎగరడానికే పుట్టిన బండిలో గుడ్లు! పెద్దల్లుడు సబ్బు నురగలోంచి అద్దంలోకి చూసి నవ్వాడు.

"పొద్దున్నే అద్దంతో ఏంటండీ ఆ నవ్వులు?" అంది భార్య వెనకనుంచి.

"ఏం లేదు. దారిలో గుడ్లు కొనాలి."

"ఇంట్లో ఉన్నాయిగా."

"ఇంటికి కాదు, ఆఫీసుకి. ట్రే నిండా."

"ఏం, ఆఫీసులో వంట మొదలెట్టారా?"

నిజం చెబితే చెల్లెలి కాపురంలో నిప్పులు పోస్తున్నారంటుంది. అతను సబ్బు నురగ తుడుచుకున్నాడు. "మీ మరిది బండికి గుడ్ల పరీక్ష పెట్టిద్దామని. పాపం, వాడికి అడిగే ధైర్యం లేదు. నేనే దగ్గరుండి గట్టెక్కిద్దామని..."

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని అతనే అనుకోలేదు. భార్య కళ్ళు చెమర్చాయి. "ఎన్నాళ్ళకండీ ఈ మాట! అతన్ని చూస్తే చాలు, మీరు వేపాకు నమిలినట్టు ముఖం పెడతారని నేనెంత బాధపడ్డానో!" అంది. అతను మెట్లు దిగేలోపే ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర చిన్నల్లుడు ఎదురుచూస్తున్నాడు. పెద్దల్లుడి కారు ఆగీ ఆగగానే తలుపు తీసి, చేతిలో ట్రే ఉందని కూడా చూడకుండా కౌగలించుకోబోయాడు.

"అన్నయ్యా! వదిన ఫోన్ చేసింది. మీ మరదలైతే ఏడ్చేసింది. మీరే పరీక్ష పెట్టిస్తున్నారట!"

"ఆఁ... అంటే... కంపెనీ పద్ధతి కదా."

"నేనూ మనసులో అనుకుంటూనే ఉన్నాను. అడిగితే పొగరనుకుంటారేమోనని ఊరుకున్నాను. మీరు ఒక్క ట్రే తెచ్చారేమోనని మా ఇంటినుంచీ ఇంకోటి పట్టుకొచ్చాను. రెండైనా పర్లేదు!"

పరీక్ష అంటే ముఖం మాడ్చుకోవాల్సినవాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఏదో ఉంది. పెద్దల్లుడు చిన్నల్లుడి ట్రేలో ఒక గుడ్డును వేలితో తాకి చూశాడు. గోరువెచ్చగా ఉంది. ఉడకబెట్టుకొచ్చాడు దొంగ! ఉడికిన గుడ్డు పెంకు చిట్లినా బయటికి కారదు, దూరంనుంచి చూసేవాళ్ళకు తెలియనే తెలియదు. ఎండ పడే సీటు మీద ప్రయాణం చేసిన పచ్చిగుడ్లు కూడా వెచ్చగానే ఉంటాయన్న సంగతి అసూయపడే మనిషికి తట్టదు.

సమావేశపు గదిలో ముగ్గురే. యజమానురాలిని అందరూ అమ్మగారంటారు. కంపెనీ పెట్టిన పెద్దాయన కూతురు. భర్త ఉన్నన్నాళ్ళు ఇద్దరూ కలిసి నడిపారు. ఆయన పోయాక ఆమె మాట తగ్గించుకుంది. ఇప్పుడు చాలా విషయాలకు "ఊఁ" అనేదే ఆమె సమాధానం. ఏ "ఊఁ"కి ఏం అర్థమో తెలుసుకోవడం ఆ కంపెనీలో పెద్ద విద్య. రెండు ట్రేల గుడ్లు బల్లకు ఒక కొసన ఉన్నాయి. ఆమె వాటిని చూసి "ఊఁ" అంది.

చిన్నల్లుడు తన బొమ్మలు, పటాలు పరిచి మార్కెట్ సంగతులన్నీ చెప్పాడు. పెద్దల్లుడు మధ్యలో అందుకున్నాడు.

"ఇప్పటికే ముగ్గురు నలుగురు పాతుకుపోయిన చోటమ్మా అది. వాళ్ళకు పందేల్లో గెలిచిన పేరుంది. మనకేం పేరుంది? ఎరువు బస్తాలు మోసిన పేరు."

"ఆ పేరే మన బలం అన్నయ్యా. మన బండి విరగదని జనానికి తెలుసు."

"విరగదని కాదయ్యా, కదలదని తెలుసు!"

తన విభాగాన్ని తనే తిట్టుకున్నానని పెద్దల్లుడికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. అమ్మగారి కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. అతను గబగబా మాట మార్చాడు. "పైగా మన డీలర్లు గడ్డపారలు, నీళ్ళ పంపులు అమ్ముకునేవాళ్ళు. కుర్రాళ్ళొచ్చి ఎగిరే బండి చూపించమంటే పంపు చూపిస్తారు."

అమ్మగారు చిన్నల్లుడివైపు తిరిగింది. "ఎవరు కొంటారు ఈ బండిని?"

"సరదా కోరుకునేవాళ్ళమ్మా. ముప్పై నుంచి యాభై లోపు, ఒక మోస్తరు సంపాదన..."

"అది వయసు, సంపాదన. నేనడిగింది మనిషి గురించి. వాడెలా ఉంటాడు? వాడికేం కావాలి?"

చిన్నల్లుడు కాగితాలు తిరగేశాడు. మనిషి అందులో లేడు. అతను తడబడుతుంటే పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో, ఎవరూ చూడడం లేదు కదా అని, తోడల్లుడి ట్రేలోంచి ఒక గుడ్డు తీసి బల్ల మీద బొంగరంలా తిప్పాడు. ఉడికిన గుడ్డు నిటారుగా గిరగిరా తిరుగుతుంది, పచ్చిది తూలుతుంది. ఇది తూలింది. తూలుతూ తూలుతూ బల్లంతా ప్రయాణం చేసి, నీళ్ళ గ్లాసును ఢీకొని, చిన్నల్లుడి ధరల పట్టిక నట్టనడుమ పగిలింది.

పచ్చసొన మెల్లగా లాభాల గడిలోకి జారింది.

"పటాలు చాలు," అంది అమ్మగారు కుర్చీలోంచి లేస్తూ. "బండ్లు బయటికి తీయండి. పనిబండి కూడా రావాలి. రెండూ పక్కపక్కన చూస్తాను."

నడవాలో చిన్నల్లుడు పెద్దల్లుడి భుజం పట్టుకుని గుసగుసలాడాడు. "ఆవిడ ప్రశ్నకు నేను చచ్చాననుకున్నాను. గుడ్డు కొట్టి భలే ఆపేశారన్నయ్యా! ఈ ఉపాయం ఎవరికైనా వస్తుందా?"

పెద్దల్లుడి బుర్ర వేరే దారిలో పరుగెడుతోంది. ఆ ఒక్క గుడ్డూ పచ్చిదే, సరే. ఎవరైనా తనిఖీ చేస్తారని పైకి ఒక పచ్చిదాన్ని పెట్టి, మిగతావన్నీ ఉడకబెట్టాడన్నమాట. ఎంత ముందుచూపు! జుట్టున్నవాళ్ళంతా ఇంతే.

చిన్నల్లుడు తాళాలకోసం వెళ్ళగానే అతను పని ముగించాడు. తను కొట్టులో తీసుకున్న పచ్చిగుడ్ల ట్రేని ఆటబండి తొట్టిలో పెట్టి, తోడల్లుడి ట్రేని తన పనిబండిలో పెట్టుకున్నాడు. ఇక వాడి గుడ్లు పగులుతాయి, తనవి పగలవు. న్యాయం జరిగిందని అతనికి మనస్ఫూర్తిగా అనిపించింది.

తాళాలతో తిరిగొచ్చిన చిన్నల్లుడు అతన్ని ట్రే పక్కన చూసి ఆగిపోయాడు. "నా బండిలో మీ చేతులతో మీరే పెట్టారా అన్నయ్యా!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎవరు పెడితే ఏంటిలే. ఎక్కు, ఎక్కు."

అమ్మగారు రెండు బండ్లనూ చూసింది. ఆటబండి పసుపురంగుతో, పొడుగాటి స్ప్రింగులతో, మిడత కాళ్ళ మీద నిలబడ్డట్టు ఉంది. ఆమె వచ్చి పనిబండిలో పెద్దల్లుడి పక్కన కూర్చుంది. భర్త పోయాక ఆమె ఇంకొకరు నడిపే బండిలో ముందు సీటులో కూర్చోవడం అదే మొదలు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. కానీ పెద్దల్లుడి ఛాతీ మాత్రం సీటు పట్టనంతగా పొంగింది. ఫ్యాక్టరీ జనమంతా కంచె పొడుగునా నిలబడి ఉన్నారు. అందరూ చూశారు కదా అని ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

బండ్లు కదిలాయి. మొదటి గతుకుదాకా పనిబండి ఎప్పటిలాగే బుద్ధిగా నడిచింది. ఆటబండి అంతలోనే ఆ గతుకు దాటి దూసుకుపోయింది. పెద్దల్లుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు, ఇప్పుడో ఇంకో క్షణానికో తొట్టిలోంచి సొన ఎగజిమ్ముతుందని. చక్రాలైతే పైకీ కిందికీ పిచ్చిగా గంతులేస్తున్నాయి. కానీ వాటిపైన బండి పల్లకీలా తేలిపోతోంది. ఎంత ఎగిరినా మెత్తగా దిగేలా ఆ స్ప్రింగులు కట్టారన్న సంగతి అతను ఇన్నాళ్ళూ అడిగి తెలుసుకోలేదు. అడిగితే వాడి బండి గురించి ఆసక్తి చూపించినట్టవుతుందని.

కంచె దగ్గర ఎవరో ఈల వేశారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆటబండితోపాటు ముందుకు సాగిపోయాయి. పనిబండి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆటబండి లేపిన దుమ్మంతా వచ్చి పెద్దల్లుడి ముఖం మీద కూర్చుంది.

అంతే. అతని కాలు అతని మాట వినడం మానేసింది. వెనకున్నవి ఉడికిన గుడ్లు, భయమేంటి? యాక్సిలరేటర్ నేలకు తాకింది. పనిబండి పుట్టి బుద్ధెరిగాక అంత వేగం ఎరగదు. ముందు మూలిగింది, తర్వాత కేక పెట్టింది, తర్వాత ప్రాణం మీద ఆశ వదులుకుని పరుగెత్తింది.

"ఏమయ్యా..." అంది అమ్మగారు, కళ్ళజోడు పట్టుకుంటూ.

"పర్లేదమ్మా! గట్టిగా పట్టుకోండి!"

"ఎందుకయ్యా ఇంత తొందర?"

"వాడు ముందు పోతున్నాడమ్మా!"

మట్టిదిబ్బ దగ్గర నాలుగు చక్రాలూ నేల విడిచాయి. గాలిలో ఉన్న ఆ కాసేపు పెద్దల్లుడికి చాలా ప్రశాంతంగా అనిపించింది, ఎందుకంటే అప్పుడతను చిన్నల్లుడికన్నా ఎత్తులో ఉన్నాడు. బండి దభాలున నేలకు దిగింది. ఎదురుగా, బాట చివర, ఆటబండి అప్పటికే ఆగి ఉంది. పెద్దల్లుడు శక్తికొద్దీ బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. తొట్టిలోని గుడ్లు ఆగలేదు. సీట్ల మీదుగా గుంపుగా ఎగిరొచ్చి కొన్ని అద్దం మీద, కొన్ని అతని బట్టతల మీద, ఎక్కువ భాగం అమ్మగారి మీద పగిలాయి. ఒక్కటైనా ఉడికింది లేదు.

చిన్నల్లుడు ట్రే ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఒక్కటీ పగల్లేదు! ఒక్కటంటే ఒక్కటి..." అని, అమ్మగారిని చూసి, మిగతా మాట మింగేశాడు.

ఆమె కళ్ళజోడు తీసింది. ఒక అద్దం మీది సొనను వేలితో తుడిచింది. జుట్టులోంచి పెంకు ముక్క తీసి చూసింది. ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందోనని పెద్దల్లుడు లెక్కలు మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు. కాదు, నవ్వుతోంది. మొదట లోలోపలే, తర్వాత పైకే, ఇంకాసేపటికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. ఆ నవ్వు ఎలా ఉంటుందో కంచె దగ్గరున్న పాతవాళ్ళకు గుర్తుంది.

నవ్వు తగ్గాక ఆమె అంది. "ఆటబండి చేద్దాం."

చిన్నల్లుడు ఎగిరి గంతేశాడు. పెద్దల్లుడి తల వాలిపోయింది.

"ఆ విభాగం పెద్దల్లుడు చూసుకుంటాడు."

వాలిన తల చటుక్కున లేచింది. "నేనా? అమ్మా, నేను వద్దన్నాను కదా!"

"నోటితో వద్దన్నావు. కాలితో ఏమన్నావో పక్కన కూర్చుని చూశాను కదా." ఆమె చిన్నల్లుడివైపు తిరిగింది. "నువ్వు దారిపొడుగునా వెనక్కి తిరిగి గుడ్లు చూసుకుంటూ నడిపావు. జాగ్రత్తపరుడివి. పనిబండ్లు నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత. కానీ ఆటబండి కొనేవాడు నీలా ఉండడు. వాడెవడని ఇందాక అడిగానే, వీడే. పక్కవాడు ముందు పోతుంటే చూడలేనివాడు. ఆ కాసేపటికోసం బండినీ, గుడ్లనీ, పక్కనున్న ముసలిదాన్నీ కూడా మరిచిపోయేవాడు. ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారంటావ్?"

"చాలామందే ఉంటారమ్మా," అన్నాడు చిన్నల్లుడు నిజాయితీగా.

"మన కంపెనీ తట్టుకోలేనంత మంది ఉంటారు. వాళ్ళకు ఎలాంటి బండి కావాలో ఇతనికి ఎవరూ చెప్పక్కర్లేదు." ఆమె బండి దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "రేపు ఆ పసుపు బండిలో తీసుకెళ్ళు నన్ను. గుడ్లు వద్దు."

సాయంత్రానికి వార్త రెండిళ్ళకూ చేరింది. పెద్దల్లుడు తలస్నానం చేసి వచ్చేసరికి భార్య ముఖం వెలిగిపోతోంది.

"చూశారా! మనసు మంచిదైతే ఎంత మంచి జరుగుతుందో! తోడల్లుడికి సాయం చేద్దామని వెళ్ళారు, పెద్ద కుర్చీ మీకే వచ్చింది."

"ఊఁ."

"ఏంటండీ అలా ఉన్నారు? కోరుకున్నదేగా?"

"వాడేమంటున్నాడు?"

"ఎవరు, మరిదా? సంతోషంతో గాల్లో తేలుతున్నాడట. బండి బయటికొస్తే చాలంటున్నాడట. మీ పాత విభాగంలో తలనొప్పులుండవు, వేళకు ఇంటికి రావచ్చు అని చెల్లెలితో ఒకటే నవ్వులట."

"నవ్వులా?" పెద్దల్లుడు తువ్వాలు పక్కన పెట్టాడు. పనిబండ్ల విభాగంలో ఏముందని అంత నవ్వు? ఇన్నేళ్ళు అక్కడ కూర్చున్నాడు, తనకు కనబడని సుఖం ఏదో వాడికి ఒక్క పూటలో కనబడిందన్నమాట. కడుపులో మంట ఎప్పటి చోటనే మళ్ళీ అంటుకుంది. భార్య రెండుసార్లు పిలిచినా భోజనానికి లేవలేదు.

మర్నాడు ఉదయం ఆటబండ్ల విభాగపు కొత్త అధిపతి జారీచేసిన మొట్టమొదటి ఉత్తర్వు, పనిబండ్ల విభాగంలో ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తనకు ఎప్పటికప్పుడు తెలియజేయాలని.